పేరు సంస్థది, జమ గుమాస్తాకి: దారి తప్పిన ఏడు చెక్కుల్లో బ్యాంకు బాధ్యత

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక భాగస్వామ్య సంస్థ. సరుకు ఎత్తుకున్న కొనుగోలుదారులు సంస్థ పేరున అకౌంట్ పేయీ చెక్కులు (పేరున్నవారి ఖాతాలోనే జమ కావలసినవి) ఇస్తారు. వాటిని తీసుకోవడం, బ్యాంకులో వేయడం, పుస్తకంలో రాయడం మూడు పనులూ ఒక్క గుమాస్తా చేతిలో ఉన్నాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఏడు చెక్కులు సంస్థ ఖాతాకు చేరలేదు. మొత్తం 17,61,000 రూపాయలు. బాకీ కట్టమని నవంబరులో ఒక కొనుగోలుదారుణ్ని అడిగితే, చెక్కు ఎప్పుడో పాసైందని తన స్టేట్‌మెంట్ చూపించాడు. అప్పుడు బయటపడింది.

(ఇది ఏ ఒక్కరి ఫైలూ కాదు. ఇలాంటి వివాదాల్లో తరచూ కనిపించే మూడు లోపాలను ఒకే కేసుగా కూర్చాం, అంకెలు నమూనావి. చట్టం, తీర్పులు, రిజర్వు బ్యాంకు ఆదేశాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.)

"మా చెక్కు వేరేవాళ్ల ఖాతాలో పడింది, బ్యాంకు కట్టాలి" అన్న ఒక్క వాక్యంతో నోటీసు పంపితే సగం కేసు అక్కడే పోతుంది. ఏడు చెక్కులూ ఒక రకం కావు.

మొదటి రకంలో రెండు చెక్కులు, 2,40,000, 1,85,000. సంస్థ పేరున ఉన్న వీటిని గుమాస్తా జూన్‌లో వేరే బ్యాంకులోని తన సొంత సేవింగ్స్ ఖాతాకు డ్రాప్ బాక్సులో వేశాడు. రెండో రకంలో నాలుగు, 3,20,000, 2,75,500, 4,10,000, 1,94,500, కలిపి 12,00,000. ఇవి అదే బ్యాంకులో సంస్థ పేరును అక్షరం తేడా లేకుండా పెట్టుకుని, తానే ప్రొప్రైటర్‌నని, అంటే ఏకైక యజమానినని చెప్పి తెరిచిన కరెంట్ ఖాతాలో పడ్డాయి. మూడో రకం ఒక్కటే, 1,36,000. దాంట్లో మోసమే లేదు. సంస్థ సొంత బ్యాంకులో కౌంటరు దగ్గర సరైన స్లిప్పుతో ఇచ్చిన చెక్కు. టెల్లర్ ఖాతా నంబరులో ఒక అంకె తప్పు కొట్టడంతో ముక్కూ మొహం తెలియని మనిషికి జమైంది. అతను 90,000 తీసి వాడుకున్నాడు.

ముందు చేతికి రావలసిన కాగితాలు

చెక్కు ఎక్కడికి పోయిందో తెలుసుకునే దగ్గరి దారి చెక్కు రాసినవారి బ్యాంకు. అది తమ ఖాతాదారు చెక్కు కాబట్టి అతను అడిగితే ఆ బ్యాంకు ఇమేజ్ ఇస్తుంది. ముందు వైపు, వెనుక వైపు రెండూ అడగాలి. చాలామంది ముందు వైపుతో సరిపెట్టుకుంటారు, అసలు కథ వెనుకే ఉంటుంది: వసూలుకు పంపిన బ్యాంకు ముద్ర, శాఖ, తేదీ, వేసినవాడు రాసిన ఖాతా నంబరు.

కాగితానికి బదులు ఇమేజ్ పంపే చెక్ ట్రంకేషన్ పద్ధతిలో అసలు చెక్కు చెక్కు రాసినవారి బ్యాంకుకు వెళ్లదు, వసూలు చేసిన బ్యాంకు దగ్గరే ఉండిపోతుంది. దాన్ని పదేళ్లు దాచాలి. కాబట్టి రెండో లేఖ ఆ బ్యాంకుకు. మేనేజరుతో పాటు ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి కూడా రాసి, నాలుగు విషయాలు విడివిడిగా అడగాలి: అసలు చెక్కు, జమ స్లిప్పు భద్రపరచాలి; ఖాతాలో మిగిలిన సొమ్ము బయటికి పోకుండా ఆపాలి; ఆయా తేదీల సీసీటీవీ దృశ్యాలు చెరిపేయకూడదు; ఖాతా తెరిచిన దరఖాస్తు, దాని వెంట ఇచ్చిన పత్రాలు తీసి పెట్టాలి. దృశ్యాలు కొన్ని నెలలకే చెరిగిపోతాయి, లేఖ ఆలస్యమైతే ఆ సాక్ష్యం లేనట్టే.

ఇంకొకరి ఖాతా వివరాలు ఇవ్వలేమని బ్యాంకు అంటుంది. అది సబబే. అందుకే అదే వారంలో పోలీసు ఫిర్యాదు కూడా వేయాలి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద పోలీసులు పత్రాలు తెప్పించగలరు, 106 కింద ఖాతా స్తంభింపజేయగలరు. బ్యాంకు ఇచ్చే స్టేట్‌మెంట్‌కు 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం సర్టిఫికెట్, ఇమేజ్‌లకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) సర్టిఫికెట్ మొదట్లోనే అడిగి తీసుకోవాలి. రెండేళ్ల తర్వాత అడిగితే సంతకం పెట్టాల్సిన అధికారి బదిలీ అయి ఉంటాడు.

ఎవరి మీద వేయాలి

చెక్కు రాసినవారి బ్యాంకును ప్రతివాదిగా చేర్చాలన్న కోరిక సహజం, చాలా సందర్భాల్లో దండగ. డ్రాయర్ (చెక్కు రాసినవారు) సంతకం నిజమైనది, చెక్కు క్రాస్ చేసి ఉంది, సొమ్ము మరో బ్యాంకుకే చెల్లించింది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881లోని 128వ సెక్షన్ ఆ బ్యాంకును కాపాడుతుంది.

దానికంటే ముందు తేల్చాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. చెక్కు పోయిన రోజున దాని యజమాని ఎవరు? చెక్కు సంస్థ తరఫున తీసుకునే అధికారం ఉన్న మనిషి చేతికి వచ్చిందంటే సంస్థకు అందినట్టే, ఆ తర్వాత పోతే నష్టం సంస్థది, దావా హక్కూ సంస్థదే. అదే చెక్కు పోస్టులో, సంస్థకు చేరకముందే దొంగిలించబడి ఉంటే యాజమాన్యం ఇంకా డ్రాయర్‌దే, అప్పుడు సంస్థ అడగాల్సింది కొనుగోలుదారుణ్ని. ఇక్కడ గుమాస్తా ఇచ్చిన రసీదులు సంస్థ ముద్రతోనే ఉన్నాయి. కాబట్టి కొనుగోలుదారుల మీద మళ్లీ బాకీ రుద్దడం కుదరదు, వసూలు చేసిన బ్యాంకు మీదే నడవాలి. దావా కారణం కన్వర్షన్: సంస్థ సొత్తయిన చెక్కును బ్యాంకు ఇంకొకరి సొత్తుగా నడిపించింది. ఇది ఒప్పందం మీద పుట్టిన హక్కు కాదు. సంస్థకూ ఆ బ్యాంకుకూ ఏ ఒప్పందమూ లేదు.

కన్వర్షన్‌లో మంచి ఉద్దేశం ఉన్నా బాధ్యత తప్పదు. బ్యాంకుకు ఉన్న గొడుగు 131వ సెక్షన్ ఒక్కటే: క్రాస్ చేసిన చెక్కును తన ఖాతాదారు కోసం, సద్భావంతో, నిర్లక్ష్యం లేకుండా వసూలు చేసి ఉంటే అసలు యజమానికి జవాబుదారీ కాదు. ఆ షరతులు నెరవేరాయని నిరూపించాల్సింది బ్యాంకే. బ్యాంకు నిర్లక్ష్యాన్ని తామే రుజువు చేయాలనుకుని వాదులు అనవసరంగా భారం నెత్తిన వేసుకుంటారు.

సేవింగ్స్ ఖాతాలో పడ్డ రెండు చెక్కులు

ఇక్కడ బ్యాంకు వాదన ఒకటే ఉంటుంది: స్లిప్పు మీద నంబరు రాసి ఉంది, ఆ నంబరుకే వేశాం. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు అలవాటుపడిన సిబ్బంది ఈ మాట నిజంగా నమ్మి చెబుతారు. ఎలక్ట్రానిక్ బదిలీలో ఖాతా నంబరు ఆధారంగానే జమ చేయవచ్చని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది కూడా. చెక్కు సంగతి వేరు. చెక్కు మీద ఖాతాదారు ఇచ్చే ఆజ్ఞ పేరుకు, నంబరుకు కాదు. స్లిప్పు మీది నంబరు బ్యాంకు సౌకర్యం కోసం రాసేది, దాన్ని రాసింది చెక్కు పట్టుకొచ్చినవాడే.

'అకౌంట్ పేయీ' అన్న మాట 1881 చట్టంలో ఎక్కడా లేదు. వాడుక నుంచి వచ్చింది. దానికి పట్టు ఇచ్చింది రిజర్వు బ్యాంకు. షేర్ల పబ్లిక్ ఇష్యూల కుంభకోణంలో పెట్టుబడిదారుల పేరున వచ్చిన రిఫండ్ చెక్కులు బ్రోకర్ల ఖాతాల్లో జమయ్యాయని తేలాక, 2006 జనవరి 23న బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 35ఏ సెక్షన్ కింద ఆదేశం ఇచ్చింది: అకౌంట్ పేయీ చెక్కును చెక్కు మీద పేరున్నవారికి తప్ప ఎవరికీ జమ చేయకూడదు. 2014 జనవరిలో దాన్ని మళ్లీ గుర్తుచేసింది. సహకార పరపతి సంఘాల సభ్యుల చెక్కులకు 50,000 దాకా ఒక సడలింపు ఉంది, అది ఈ ఫైలుకు అక్కరకు రాదు.

పైగా 2002 సవరణతో 131వ సెక్షన్‌కు చేరిన రెండో వివరణ ఉంది. ఇమేజ్ మీద సొమ్ము తీసుకునే బ్యాంకు, తన చేతిలోని కాగితాన్ని చూసి, మామూలు జాగ్రత్తతో కనిపెట్టగల మోసం, ఫోర్జరీ, దిద్దుబాటు ఉందేమో సరిచూడాలి. సొమ్ము ఎవరికో రాసే పేయీ గడిలో ఒక వ్యాపార సంస్థ పేరు, జమ అయ్యే ఖాతా ఒక మనిషిది. ఇది భూతద్దం పెట్టి చూడాల్సిన తేడా కాదు. డ్రాప్ బాక్సులో వేశాడు కాబట్టి ఎవరూ చూడలేదన్నది వివరణ అవుతుంది తప్ప రక్షణ కాదు. ఈ 4,25,000 విషయంలో బ్యాంకుకు నిలబడే వాదన లేదు.

అచ్చంగా అదే పేరున్న ఖాతా: అసలు పోరు ఇక్కడ

పేరు సరిపోయింది. చెక్కు మీదా, ఖాతా మీదా ఒకటే అక్షరాలు. బ్యాంకు ఇక్కడ 1989లో సుప్రీంకోర్టు ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, ఇండస్ట్రియల్ చైన్ కన్సర్న్ కేసులో ఇచ్చిన తీర్పు బయటికి తీస్తుంది. అందులోనూ ఒకతను వ్యాపార సంస్థ పేరుతోనే ప్రొప్రైటర్ ఖాతా తెరిచి చెక్కులు వేసుకున్నాడు. బ్యాంకు నిర్లక్ష్యం లేదని తేల్చి కోర్టు 131 రక్షణ ఇచ్చింది. ఆ తీర్పును తప్పించుకోవడానికి ప్రయత్నించే నోటీసులు బలహీనంగా ఉంటాయి. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఈ ఫైలు ఎందుకు వేరో చూపించాలి.

2004లో కేరళ స్టేట్ కోఆపరేటివ్ మార్కెటింగ్ ఫెడరేషన్, స్టేట్ బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు కొలబద్దలు స్పష్టం చేసింది. బ్యాంకు ప్రతి చెక్కునూ గూఢచారిలా శోధించనక్కర్లేదు. కానీ అనుమానం రేపే విషయం ఎదుట ఉంటే విచారించి తీరాలి. నిర్లక్ష్యం అన్నది ఆయా వాస్తవాలను బట్టి తేలే ప్రశ్న. చెల్లించిన బ్యాంకు కూడా అజాగ్రత్తగా ఉందన్న మాట వసూలు చేసిన బ్యాంకుకు సాకు కాదు. ఖాతా తెరిచేటప్పటి జాగ్రత్త కూడా ఈ లెక్కలోకి వస్తుంది. కాబట్టి మొదట తిరగేయాల్సింది ఖాతా తెరిచిన ఫైలు.

ఆ ఫైలులో ఉన్నది ఒక ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) సర్టిఫికెట్, ఆధార్, పాన్. ప్రొప్రైటర్ ఖాతాకు కేవైసీ నిబంధనల ప్రకారం వ్యాపారానికి రుజువుగా రెండు పత్రాలు కావాలి. రెండు దొరకవని బ్యాంకు నమ్మితే ఒకదానితో తెరవచ్చు, అయితే ఆ చిరునామాకు వెళ్లి వ్యాపారం ఉందో లేదో చూసి నమోదు చేయాలి. ఉద్యమ్ నమోదు సొంత ప్రకటన మీద ఆన్‌లైన్‌లో వచ్చేది, ఎవరూ వచ్చి దుకాణం చూడరు. చూసివచ్చిన నివేదిక ఫైలులో లేదు. జీఎస్‌టీ నంబరు అడగలేదు. అడిగి ఉంటే నిమిషంలో తేలేది: 15 అక్షరాల జీఎస్‌టీ నంబరులో మూడో స్థానం నుంచి పన్నెండో స్థానం దాకా పాన్ ఉంటుంది, పాన్‌లో నాలుగో అక్షరం వ్యక్తికి 'పీ', భాగస్వామ్య సంస్థకు 'ఎఫ్'. యార్డులో అదే పేరుతో నడుస్తున్న సంస్థ పాన్‌లో 'ఎఫ్' ఉంది.

ఉద్యోగం అన్న గడిలో గుమాస్తా 'ప్రైవేటు ఉద్యోగి' అని రాశాడు, యజమాని పేరు గడి ఖాళీ. లాయిడ్స్ బ్యాంక్, సావరీ కేసు గుర్తుకొచ్చేది ఇక్కడే. 1933 నాటి ఇంగ్లండ్ లా రిపోర్టుల్లో ఉంది. లండన్ షేర్ బ్రోకర్ల దగ్గర పనిచేసే ఇద్దరు గుమాస్తాలు యజమానుల చెక్కులు నగరంలోని శాఖల్లో వేసి, ఊరి బయటి శాఖల్లో ఉన్న ఖాతాలకు జమ చేయించుకున్నారు. చెక్కు చూసిన శాఖకు ఖాతాదారు ఎవరో తెలియదు, ఖాతా ఉన్న శాఖకు చెక్కు ఎవరు రాశారో తెలియదు. ఖాతా తెరిచేటప్పుడు యజమాని ఎవరని అడగకపోవడం నిర్లక్ష్యమని హౌస్ ఆఫ్ లార్డ్స్ ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపుగా తేల్చింది. ఏ శాఖలోనైనా చెక్కు వేయగలిగే ఈ రోజుల్లో ఆ పద్ధతి లోపం పాతబడలేదు.

అయినా ఈ ఫైలులో తూకాన్ని తిప్పింది కేవైసీ లోపం కాదు. 3,20,000 చెక్కు వెనుక వైపు ఇమేజ్. దాని మీద రెండు ముద్రలు ఉన్నాయి, మొదటిది కొట్టివేసి ఉంది. రెంటికీ మధ్య పదహారు రోజులు. గుమాస్తా ఆ చెక్కును కూడా మొదట సేవింగ్స్ ఖాతాకే వేశాడు. ఈసారి ఎవరో చూశారు, పేరు తేడా అని రాసి తిప్పి ఇచ్చారు. శాఖ వాపసు రిజిస్టరులో ఆ నమోదు ఉంది. తర్వాత అదే శాఖ, అదే మనిషికి, అదే పేరుతో కరెంట్ ఖాతా తెరిచింది. తెరిచిన నాలుగో రోజున అదే చెక్కు మళ్లీ వచ్చింది. ఖాతా పుట్టకముందే ఆ పేరున చెక్కు చేతిలో ఉందని శాఖకు తెలుసు. జూన్‌లో ఇదే పేరున్న రెండు చెక్కులు ఇదే మనిషి సేవింగ్స్‌లో పడ్డాయనీ దాని పుస్తకాల్లోనే ఉంది. 1989 కేసు రక్షణ ఈ వాస్తవాల ముందు నిలవడం కష్టం.

మిగతా సంకేతాలు దీనికి తోడు. ఏడాదికి 6 లక్షల టర్నోవరని దరఖాస్తులో రాసిన ఖాతాలో ఐదు వారాల్లో 12 లక్షలు, నాలుగూ ఒకే యార్డు కొనుగోలుదారుల చెక్కులు, ప్రతి జమకూ ఆ రోజే లేదా మర్నాడు దాదాపు మొత్తం బయటికి. కరెంట్ ఖాతాలో సరుకు కొన్న చెల్లింపు ఒక్కటీ లేదు, అద్దె లేదు, హమాలీ లేదు. వ్యాపారం చేసే ఖాతా అలా ఉండదు.

సంస్థ అజాగ్రత్త సంగతి

మూడు పనులు ఒకడికే అప్పగించారు, నెలనెలా బాకీలు సరిచూడలేదు, కాబట్టి నష్టంలో వాటా మోయాలని బ్యాంకు అంటుంది. తిట్టినట్టే ఉంటుంది కానీ చట్టంలో బరువు తక్కువ. స్టేట్‌మెంట్ చూసుకోకపోయినంత మాత్రాన ఖాతాదారు హక్కు పోదని 1987లో కెనరా బ్యాంక్, కెనరా సేల్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడైతే ఆ చెక్కులు సంస్థ స్టేట్‌మెంట్‌లోకే రాలేదు. ఇంగ్లండ్‌లో 1971 నాటి లమ్స్‌డెన్ కేసులో వాది అజాగ్రత్తకు పరిహారం 10 శాతం తగ్గించారు, తర్వాత 1979 బ్యాంకింగ్ చట్టం 47వ సెక్షన్ దానికి ఆధారం కల్పించింది. మన చట్టంలో అలాంటి సెక్షన్ లేదు.

బ్యాంకు పట్టుకోగల నిజమైన తగ్గింపు వేరొకటి. గుమాస్తా పాత బాకీలు కప్పిపుచ్చడానికి కరెంట్ ఖాతా నుంచి 2,10,000 రెండు దఫాలుగా సంస్థ ఖాతాకు, కొనుగోలుదారు కట్టినట్టుగా పంపాడు. ఆ సొమ్ము సంస్థకు చేరింది కాబట్టి తీసేయాలి. మనమే ముందు తీసేసి 9,90,000 అడగాలి. ప్రతివాది కనిపెట్టేదాకా ఆగితే మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది.

టెల్లర్ తప్పు: వాదించాల్సిన పనే లేదు

1,36,000 చెక్కు విషయంలో సంస్థకూ సొంత బ్యాంకుకూ మధ్య ఒప్పందం ఉంది, వసూలు చేసి జమ చేయడం ఏజెంటుగా దాని బాధ్యత. "ఎవరికి పడిందో అతన్ని అడుగుతున్నాం, రాగానే వేస్తాం" అన్న జవాబు ఒప్పుకోకూడదు. రాబట్టుకోవడం బ్యాంకు తలనొప్పి. కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ప్రకారం పొరపాటున వచ్చిన సొమ్ము తిరిగి ఇవ్వాల్సిందే, తెలిసీ వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314 కూడా వర్తించవచ్చు. అదంతా బ్యాంకుకూ ఆ మనిషికీ మధ్య వ్యవహారం.

అడగాల్సింది పాత తేదీ విలువతో జమ, అంటే పడాల్సిన రోజునే పడినట్టు లెక్క. సంస్థది క్యాష్ క్రెడిట్ ఖాతా, అంటే వ్యాపారానికి బ్యాంకు అప్పు ఇచ్చే ఖాతా. చాలా బ్యాంకుల చెక్కు వసూలు పాలసీల్లో, సొమ్ము అప్పు ఖాతాకు చేరాల్సి ఉంటే ఆలస్యానికి అప్పు వడ్డీ రేటునే కడతామని ఉంటుంది. సేవింగ్స్ రేటుతో సరిపెడితే పాలసీ కాగితం చూపాలి. ముందు బ్యాంకుకు ఫిర్యాదు, 30 రోజుల్లో జవాబు లేకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) పథకం. కౌంటరులో ముద్ర వేసిన కౌంటర్‌ఫాయిల్ ఒక్కటి ఉంటే ఈ భాగం కోర్టు గడప తొక్కకుండానే తీరుతుంది. డ్రాప్ బాక్సు పెట్టినా కౌంటరులో రసీదు నిరాకరించకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, అడిగి తీసుకోవాలి.

దావా రూపం

మిగతా ఆరు చెక్కులు అంబుడ్స్‌మన్ దగ్గర నిలవడం కష్టం. సాక్ష్యం, ఎదురు ప్రశ్నలు కావాలి. వినియోగదారుల కమిషన్‌లో "మీరు మా ఖాతాదారే కాదు" అన్న అభ్యంతరం మొదటి రోజే వస్తుంది. సివిల్ దారే సరైనది. బ్యాంకర్ల, వ్యాపారుల పత్రాల వివాదం కాబట్టి, విలువ 3 లక్షలు దాటింది కాబట్టి వాణిజ్య కోర్టు. తక్షణ ఉపశమనం అడగకపోతే వాణిజ్య కోర్టుల చట్టం 12ఏ సెక్షన్ కింద ముందు మధ్యవర్తిత్వానికి (మీడియేషన్) వెళ్లక తప్పదు, అది తప్పనిసరని 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. గడువు మూడేళ్లు. బయటపడిన రోజు నుంచి అని వాదించే వీలున్నా, క్యాలెండరులో మాత్రం జూన్ నాటి మొదటి చెక్కు తేదీ నుంచే లెక్క పెట్టుకోవడం మేలు. భాగస్వామ్యం రిజిస్టరు కాలేదన్న అభ్యంతరం ఒప్పందపు హక్కులకు వర్తించేది, కన్వర్షన్‌కు కాదు. అయినా రిజిస్ట్రేషన్ కాగితం ఉంటే జత చేయండి, ఒక వాయిదా మిగులుతుంది.

మధ్యవర్తిత్వంలో అడిగేది 4,25,000, 9,90,000, కలిపి 14,15,000, ప్రతి చెక్కుకూ వసూలైన తేదీ నుంచి వడ్డీ. సేవింగ్స్ చెక్కుల మీద, ముద్ర కొట్టేసిన 3,20,000 మీద రూపాయి కూడా తగ్గనక్కర్లేదు. బేరం ఉంటే మిగతా మూడు చెక్కుల మీదే. ఒప్పంద పత్రంలో రెండు వాక్యాలు చూసుకోవాలి. గుమాస్తా మీద సంస్థకున్న హక్కును బ్యాంకు తన పేర రాయించుకుంటుంది. అది బ్యాంకు కట్టిన మొత్తం మేరకే అని ఉండాలి, లేకపోతే తగ్గించుకున్న భాగాన్ని గుమాస్తా నుంచి రాబట్టుకునే వీలు పోతుంది. పూర్తి పరిష్కారం అన్న మాట పక్కన ఆరు చెక్కుల నంబర్లు, తేదీలు రాయించాలి, రేపు ఎనిమిదో చెక్కు బయటపడితే ఈ కాగితం అడ్డం రాకుండా.